మనవాడే కదా: మేడాఫ్ కథ, మా భవన నిధి

కిందటి నెల రెండో ఆదివారం మా సంఘం కార్యవర్గం కూర్చుంది. తెలుగు బడికి పాఠ్యపుస్తకాలు ఈ ఏడు కూడా ఆలస్యంగా వచ్చిన సంగతి, హాలు పైకప్పు కారుతున్న సంగతి మాట్లాడుకున్నాం. అంతా అయ్యాక, టీ గ్లాసులు తీసేస్తుండగా, ఒక సభ్యుడు భవన నిధి మాట ఎత్తాడు. నిధి మొత్తం పదకొండు లక్షలు. బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్‌గా ఉంది. గడువు త్వరలో తీరుతుంది.

"ఏడు శాతం కూడా రాని చోట ఎన్నాళ్ళు పెడతాం సెక్రటరీగారూ? మనవాడే ఒకాయన ఉన్నాడు. నూటికి రూపాయిన్నర ఇస్తున్నాడు. నాలుగేళ్ళుగా నాకు ఒక్క నెల తప్పలేదు. అందరి దగ్గరా తీసుకోడు. మన తెలుగువాళ్ళ దగ్గరే, అదీ తెలిసినవాళ్ళు చెబితేనే."

చెప్పినవాడు చెడ్డవాడు కాదు. తన రిటైర్మెంటు డబ్బు కూడా అక్కడే పెట్టాడు. లెక్క వేస్తే అతని మాటలో బలమూ ఉంది. నూటికి రూపాయిన్నర అంటే ఏడాదికి పద్దెనిమిది శాతం. పదకొండు లక్షల మీద 1,98,000 రూపాయలు. బ్యాంకు ఇచ్చేది డెబ్బై అయిదు వేలకు అటూ ఇటూ. తేడా లక్షా ఇరవై వేల పైమాట. ఆ తేడాతో బడి టీచరమ్మకు ఇచ్చే గౌరవ వేతనం ఏడాదంతా ఇబ్బంది లేకుండా గడిచిపోతుంది. సభలో సగం మంది తల ఊపారు. నేను వచ్చే సమావేశం దాకా గడువు అడిగాను. ఎందుకు అడిగానో అక్కడ నాలుగు ముక్కల్లో చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. బళ్ళారిలో, హోసూరులో, షోలాపూరులో, యానాంలో ఉన్న మన సంఘాలకూ ఇలాంటి నిధులు ఉంటాయి, ఇలాంటి సభ్యులూ ఉంటారు.

ఆ మాటలు వినగానే నాకు బెర్నార్డ్ మేడాఫ్ గుర్తొచ్చాడు. పేరు చాలామంది విన్నదే. 2008 డిసెంబరులో న్యూయార్కులో అరెస్టయిన పెట్టుబడుల వ్యాపారి. ఆయన కంపెనీ పంపిన స్టేట్‌మెంట్ల ప్రకారం జనానికి ఇవ్వాల్సింది సుమారు 6,480 కోట్ల డాలర్లు. ఉన్నది అందులో పిసరంత. అంకె పెద్దది కాబట్టి అది అమెరికా గొడవ, కోటీశ్వరుల గొడవ అనుకుని వదిలేశాం. కానీ లోపలికి వెళ్ళి చూస్తే అది ఒక చిన్న సమాజంలో, ఒకరికొకరు తెలిసినవాళ్ళ మధ్య పుట్టి పెరిగిన వ్యవహారం.

మేడాఫ్ 1938లో న్యూయార్కులో ఒక మామూలు యూదు కుటుంబంలో పుట్టాడు. 1960లో సొంత కంపెనీ పెట్టాడు. సముద్రతీరంలో లైఫ్‌గార్డుగా, తోటలకు నీటి గొట్టాలు బిగించే పనిలో సంపాదించిన అయిదు వేల డాలర్లే మూలధనమని చెప్పుకునేవాడు. షేర్ల కొనుగోలు అమ్మకాలు కంప్యూటర్ మీద జరిపే పద్ధతి రావడంలో ఆయన కంపెనీకి నిజంగానే పాత్ర ఉంది. నాస్‌డాక్ ఎక్స్ఛేంజికి 1990లో చైర్మన్ అయ్యాడు, ఆ తర్వాత మళ్ళీ ఎన్నికయ్యాడు. అంటే ఆయన పేరు ఊరికే రాలేదు. పై అంతస్తులో జరిగే షేర్ల వ్యాపారం అసలైనదే. కింది అంతస్తు సంగతి వేరు.

జనం డబ్బు ఆయన దగ్గరికి ఎలా చేరింది? మొదట్లో మామగారి ద్వారా. భార్య రూత్ తండ్రి అకౌంటెంటు. తన ఆఫీసుకు వచ్చే స్నేహితులకు, బంధువులకు "మా అల్లుడి దగ్గర పెట్టండి" అని చెప్పాడు. ఆయన రిటైరయ్యాక ఆ ఆఫీసును అందుకున్న అవెలీనో, బీనెస్ అనే ఇద్దరు అదే పని పెద్దఎత్తున సాగించారు. 1992లో అమెరికాలోని సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్, మన సెబీ లాంటిది, వాళ్ళను పట్టుకుంది. అనుమతి లేకుండా సుమారు 3,200 మంది దగ్గర 44 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశారని తేలింది. ఆ సొమ్మంతా వెళ్ళింది మేడాఫ్ దగ్గరికే. కమిషన్ ఆ ఇద్దరినీ మూసేయించి, జనం డబ్బు జనానికి ఇప్పించి, ఫైలు కట్టేసింది. ఆ డబ్బు తీసుకున్న మనిషి అసలు ఏం చేస్తున్నాడో చూడలేదు. నాస్‌డాక్ చైర్మన్‌గా చేసినవాడిని అడిగేదేముంది అనుకున్నారు. జరిగిన విచిత్రం ఏమిటంటే, అలా డబ్బు వెనక్కి పుచ్చుకున్నవాళ్ళలో చాలామంది ఈసారి నేరుగా మేడాఫ్ దగ్గరే ఖాతాలు తెరిచారు. అడగగానే డబ్బు తిరిగొచ్చింది కదా, ఇంతకంటే నమ్మకం ఏం కావాలి!

వడ్డీ సంగతి ఇక్కడ మనం జాగ్రత్తగా గమనించాలి. మోసగాడంటే నూటికి అయిదు, పది ఆశ చూపేవాడని మన ఊహ. మేడాఫ్ అలా చూపలేదు. ఏడాదికి పది నుంచి పన్నెండు శాతం చూపించాడు. మన లెక్కలో నూటికి రూపాయి వడ్డీ, కొన్నేళ్ళు అది కూడా లేదు. దురాశపరులు మోసపోయారు అని తేలిగ్గా అనేయడానికి లేదు. వాళ్ళు దురాశకు పోలేదు, నిశ్చింతకు పోయారు. మార్కెట్ ఎగిరినా పడినా ఆయన కాగితాల మీద లాభం నిలకడగా ఉండేది. 2008లో షేర్లు మూడో వంతుకు పైగా పడిపోయిన రోజుల్లో కూడా ఆయన స్టేట్‌మెంట్లలో లాభమే కనిపించింది.

రెండోది, ఆయన ఎవరినీ బతిమాలలేదు. ఫ్లోరిడాలో పామ్‌బీచ్ కంట్రీ క్లబ్ అని సంపన్న యూదు కుటుంబాల క్లబ్ ఉంది. అక్కడ మేడాఫ్ దగ్గర ఖాతా ఉండటమే ఒక హోదా. ఎవరో ఒకరు చెప్పాలి, ఆయన ఒప్పుకోవాలి. కొందరిని వద్దని తిప్పి పంపేవాడు. తిప్పి పంపినకొద్దీ మిగిలినవాళ్ళకు మోజు పెరిగేది. ఎక్కువ ప్రశ్నలు వేస్తే "మీ డబ్బు మీరు తీసుకుపోవచ్చు" అనేవాడు. యెషీవా యూనివర్సిటీ ధర్మకర్తల మండలికి ఆయన కోశాధికారి. యూదుల మారణహోమం నుంచి బయటపడి, శాంతికి నోబెల్ బహుమతి పొందిన ఎలీ వీజెల్ తన ఫౌండేషన్ నిధి 1 కోటి 52 లక్షల డాలర్లు, తన సొంత పొదుపు అక్కడే ఉంచాడు. అంతటివాడే పెట్టాడంటే ఇంకొకరు ఎలా అనుమానిస్తారు? ఒక్కొక్కరూ తమ ముందున్నవాడు విచారించే ఉంటాడని అనుకున్నారు. వరసలో మొదటివాడు కూడా విచారించలేదు.

ఇక కింది అంతస్తు. మన్‌హాటన్‌లో లిప్‌స్టిక్ బిల్డింగ్ అని పిలిచే భవనంలో పంతొమ్మిదో అంతస్తులో అసలు వ్యాపారం, పదిహేడో అంతస్తులో దొంగ వ్యాపారం. పదిహేడో అంతస్తుకు పెద్ద ఫ్రాంక్ డిపాస్కలీ. జనం డబ్బుతో ఒక్క షేరు కొనలేదు. వచ్చిన డబ్బు ఒక బ్యాంకు ఖాతాలో పడేది, ఎవరైనా అడిగితే అందులోంచే ఇచ్చేవారు. పాత రోజుల ధరలు ముందు పెట్టుకుని, ఫలానా రోజు ఫలానా షేరు కొన్నాం, ఫలానా రోజు అమ్మాం అని తీరిగ్గా రాసుకుని, ఒక పాత కంప్యూటర్ మీద స్టేట్‌మెంట్లు అచ్చు కొట్టేవారు. ఒకసారి ఆడిటర్లు పాత రికార్డులు అడిగితే అప్పటికప్పుడు అచ్చు వేశారు. ప్రింటర్ లోంచి వచ్చిన కాగితాలు వేడిగా ఉంటాయని ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చారు, పాతవిగా కనబడాలని ఒకరి మీదికి ఒకరు విసురుకుని నలిపారు. ఇది తర్వాత కోర్టులో సాక్ష్యంగా వచ్చిన మాట. ముప్పై నాలుగేళ్ళు లెడ్జర్ల మధ్య బతికినవాణ్ణి, ఇది చదివినప్పుడు నాకు నవ్వు ఆగలేదు. పాత కాగితానికి ఒక వాసన ఉంటుంది, అది ఫ్రిజ్‌లో పెడితే రాదు.

వేల కోట్ల డాలర్లు చూస్తున్నానన్న మనిషికి ఆడిటర్ ఎవరయ్యా అంటే న్యూసిటీ అనే చిన్న ఊళ్ళో, ఒక చిన్న గదిలో, ఒక్కడే పనిచేసే అకౌంటెంటు. ఈ ఒక్క ముక్క ఎవరైనా వెళ్ళి చూసి ఉంటే చాలు.

చూసినవాడు ఒకడున్నాడు. బోస్టన్‌లో హ్యారీ మార్కొపోలోస్ అనే విశ్లేషకుడు. మేడాఫ్ లాగే లాభం తెచ్చే పథకం తయారు చెయ్యమని యజమానులు అతనికి పురమాయిస్తే, అతను కూర్చుని లెక్క వేశాడు. మేడాఫ్ చెప్పే పద్ధతిలో అంత డబ్బు తిప్పాలంటే కావాల్సినన్ని ఆప్షన్ కాంట్రాక్టులు ఆ ఎక్స్ఛేంజిలోనే లేవు. 2000లో కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. 2005లో ప్రపంచంలో అతి పెద్ద హెడ్జ్ ఫండ్ ఒక మోసం అని పేరుపెట్టి మళ్ళీ వివరంగా రాశాడు. 1992 నుంచి 2008 దాకా కమిషన్‌కు మేడాఫ్ మీద ఆరు గట్టి ఫిర్యాదులు వచ్చాయని, ఏ ఒక్కటీ సరిగా చూడలేదని ఆ కమిషన్ సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే 2009లో తేల్చాడు. 2006లో షేర్లు నిల్వ ఉండే డిపాజిటరీలో తన ఖాతా నంబరు మేడాఫే ఇచ్చాడు. ఆ నంబరు పట్టుకుని అందులో షేర్లు ఉన్నాయా అని చూసి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. తేలిపోతుందనే తానూ అనుకున్నానని ఆయనే తర్వాత జైల్లో చెప్పాడు. ఎవరూ చూడలేదు.

పోస్టాఫీసు గుమాస్తాగా ఇక్కడ ఒక పాత కథ చెప్పకుండా ఉండలేను. కొత్తవాళ్ళ డబ్బు పాతవాళ్ళకు వడ్డీగా పంచే ఈ పద్ధతికి పాంజీ స్కీము అని పేరు. చార్లెస్ పాంజీ ఇటలీ నుంచి బోస్టన్‌కు వలస వచ్చినవాడు. 1920లో 45 రోజుల్లో యాభై శాతం లాభం ఇస్తానన్నాడు. దేనితో? తపాలా రిప్లై కూపన్లతో! విదేశంలో ఉన్నవాళ్ళు మనకు జవాబు రాయడానికి స్టాంపు ఖర్చు మనమే పంపే కాగితం అది. మా కౌంటరులో ఏడాదికి ఒకటో రెండో అడిగేవారు, ఎక్కువగా కుర్రాళ్ళు, విదేశీ యూనివర్సిటీలకు రాసేటప్పుడు. ఒక దేశంలో చౌకగా కొని ఇంకో దేశంలో మార్చుకుంటే లాభమని పాంజీ చెప్పాడు. బోస్టన్‌లోని ఇటలీవాళ్ళు మనవాడే కదా అని మొదట నమ్మారు. క్లారెన్స్ బారన్ అనే పాత్రికేయుడు లెక్క వేసి, అంత డబ్బుకు 16 కోట్ల కూపన్లు కావాలి, చలామణిలో ఉన్నవి 27 వేలు అన్నాడు. మార్కొపోలోస్ ఎనభై ఏళ్ళ తర్వాత వేసిందీ అదే లెక్క. 2001లో మేడాఫ్ లాభాల మీద అనుమానం రాసిన పత్రికల్లో ఒకటి బారన్స్, ఆ క్లారెన్స్ బారన్ పెట్టినదే. మేడాఫ్ తన దగ్గర డబ్బు పెట్టినవాళ్ళను బయట ఎవరికీ చెప్పవద్దంటాడని కూడా అందులో రాశారు. రాసినా ఏమీ జరగలేదు.

పడిపోవడం మాత్రం చాలా త్వరగా జరిగింది. 2008లో అమెరికా బ్యాంకులు కుదేలవగానే జనం తమ డబ్బు వెనక్కి అడిగారు. సుమారు 700 కోట్ల డాలర్లకు అడిగినవాళ్ళు తేలారు. ఖాతాలో అంత లేదు. డిసెంబరు 10న ఇదంతా అబద్ధమని కొడుకులిద్దరికీ చెప్పాడు. వాళ్ళు లాయరు ద్వారా అధికారులకు తెలియజేశారు. మర్నాడు అరెస్టు. 2009 మార్చిలో పదకొండు నేరాలు ఒప్పుకున్నాడు, జూన్ 29న జడ్జి డెనీ చిన్ 150 ఏళ్ళ శిక్ష వేశాడు. పెద్దకొడుకు మార్క్ సరిగ్గా అరెస్టు జరిగిన రెండేళ్ళకు, అదే తేదీన ఆత్మహత్య చేసుకున్నాడు. రెండో కొడుకు 2014లో కేన్సరుతో పోయాడు. తమ్ముడు పీటర్‌కు పదేళ్ళ జైలు. మేడాఫ్ 2021 ఏప్రిల్ 14న జైల్లోనే, 82వ ఏట పోయాడు.

చాలామంది ఈ కథ ఇక్కడితో ఆపేస్తారు. నాకు అసలు కథ ఇక్కడ మొదలవుతుందనిపిస్తుంది.

మిగిలిన డబ్బు పంచడానికి కోర్టు ఇర్వింగ్ పికార్డ్ అనే లాయరును ట్రస్టీగా పెట్టింది. ఆయన ప్రతి ఖాతాదారుణ్ణీ రెండే అడిగాడు. మీరు వేసింది ఎంత? తీసింది ఎంత? చివరి స్టేట్‌మెంటులో ఎంత రాసి ఉందో నాకు అక్కర్లేదు, అది ఉత్త కాగితం అన్నాడు. వేసినదానికంటే తక్కువ తీసినవాడు బాధితుడు. వేసినదానికంటే ఎక్కువ తీసినవాడు, తెలిసినా తెలియకపోయినా, వేరొకరి డబ్బు తీసుకున్నవాడు. గడిచిన రెండేళ్ళలో, కొన్ని కేసుల్లో ఇంకా వెనక్కి వెళ్ళి, అలా తీసినది వెనక్కి ఇవ్వమని దావాలు వేశాడు. జనం మండిపడ్డారు. ఇరవై ఏళ్ళుగా ఆ వడ్డీతో ఇల్లు గడుపుకున్న ముసలివాళ్ళు ఉన్నారు. ఖర్చయిపోయిన డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారు? చివరి స్టేట్‌మెంటే లెక్క అని వాదిస్తూ పైకోర్టు దాకా వెళ్ళారు. 2011లో అప్పీలు కోర్టు పికార్డ్ లెక్కే సరి అంది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

మొదటిసారి చదివినప్పుడు నాకూ అన్యాయమే అనిపించింది. తర్వాత ఆలోచిస్తే వేరే దారి కనబడలేదు. కుండలో నీళ్ళు కొన్నే. ముందు ముంచుకున్నవాడి చెంబును వదిలేస్తే వెనక వచ్చినవాడి గొంతు ఎండుతుంది. ఇద్దరూ నిర్దోషులే.

ఇక్కడ మా సంఘంలాంటి వాటికి సూటిగా తగిలే సంగతి ఒకటుంది. హడాసా అని అమెరికాలో యూదు మహిళల సంఘం. 1912లో పుట్టింది. జెరూసలేంలో పెద్ద ఆసుపత్రి నడిపే సంస్థ. 1988లో ఒక దాత ఇచ్చిన 70 లక్షల డాలర్లతో మేడాఫ్ దగ్గర వాళ్ళ ఖాతా మొదలైంది. 1996 దాకా మరో 3 కోట్ల 30 లక్షలు వేశారు. మొత్తం 4 కోట్లు. ఏళ్ళ తరబడి ఆసుపత్రి ఖర్చులకు, ఇతర పనులకు తీసింది 13 కోట్ల 70 లక్షలు. కూలిపోయిన రోజున ఇంకా 9 కోట్లు ఉన్నాయని వాళ్ళ కాగితాలు చెప్పాయి. ఆ మహిళలు మొదట అనుకున్నది తాము 9 కోట్లు పోగొట్టుకున్నామని. పికార్డ్ లెక్క తీస్తే వాళ్ళు బాధితులు కాదు, వేసినదానికంటే 9 కోట్ల 70 లక్షలు ఎక్కువ తీసుకున్నవాళ్ళు. చివరికి 2010లో రాజీకి వచ్చి 4 కోట్ల 50 లక్షల డాలర్లు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఎక్కడా వాళ్ళ తప్పు ఉందని ఎవరూ అనలేదు. రోగులకు ఖర్చుపెట్టిన డబ్బు, దానధర్మం చేసిన డబ్బు, అది ఇంకొకరి పొదుపు అని ఇరవై ఏళ్ళ తర్వాత తెలిస్తే ఆ సంఘం కార్యదర్శికి ఆ రాత్రి నిద్ర ఎలా పట్టి ఉంటుంది? సాటి కార్యదర్శిగా నేను చాలాసార్లు అనుకున్నాను.

మా సభ్యుడికి నాలుగేళ్ళుగా నెలనెలా పడుతున్న వడ్డీని ఈ చూపుతో చూడాలి. ఆ పెద్దమనిషి వ్యాపారం ఏమిటో మా సభ్యుడికి తెలియదు. "ఏదో రియల్ ఎస్టేటు, ఏదో ఫైనాన్సు" అంటాడు. వ్యాపారం నిజమైతే మంచిదే. కాకపోతే ఆ వడ్డీ ఎవరి అసలు లోంచి వస్తున్నట్టు? ఆయన మనవాళ్ళ దగ్గరే తీసుకుంటాడంటున్నారు. అంటే మనవాళ్ళదే.

మేడాఫ్ బాధితులకు చివరికి మంచే జరిగిందని కొందరు అంటారు. నిజమే, ట్రస్టీ 1,400 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. అమెరికా న్యాయశాఖ విడిగా పెట్టిన నిధి 2024 డిసెంబరులో చివరి విడత ప్రకటించింది. 127 దేశాల్లో దాదాపు 41 వేల మందికి మొత్తం 430 కోట్ల డాలర్లు, వాళ్ళ నష్టంలో సుమారు 94 శాతం. కానీ అది ఎలా వచ్చిందో చూడాలి. జెఫ్రీ పికోవర్ అనే ఒక్క ఖాతాదారుడే వేసినదానికంటే 720 కోట్ల డాలర్లు ఎక్కువ తీసుకున్నాడు. ఆయన 2009లో తన ఇంటి ఈతకొలనులో చనిపోతే, ఆయన భార్య ఆ మొత్తమంతా తిరిగి ఇచ్చింది. మేడాఫ్ ఖాతా ఉన్న జేపీమోర్గాన్ బ్యాంకు, అనుమానం ఉన్నా సరిగా చెప్పనందుకు 2014లో 170 కోట్ల డాలర్లు కట్టింది. అంటే డబ్బు పోలేదు, కొన్ని పెద్ద జేబుల్లో నిలిచి ఉంది. పదహారేళ్ళు పట్టినా దొరికింది. మన దగ్గర అలాంటి జేబు ఎక్కడ దొరుకుతుంది?

ఒడిశాలో ఉన్నవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 2013 ఏప్రిల్‌లో బెంగాల్‌లో శారదా కూలింది. అదే కాలంలో ఒడిశాలోనూ వరసగా కంపెనీలు మూతపడ్డాయి. 2014 మే 9న సుప్రీంకోర్టు శారదాతోపాటు ఒడిశాలోని 44 కంపెనీల వ్యవహారం సీబీఐకి అప్పగించింది. వీటన్నిటినీ పత్రికలు చిట్‌ఫండ్ కుంభకోణం అని రాశాయి. అది నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. చీటీ అంటే పాటగాళ్ళంతా ఎదురెదురుగా కూర్చుని, నెలకొకరు పాడుకుని ఎత్తుకునే డబ్బు. దానికి 1982 నుంచి కేంద్ర చట్టం ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది. ఈ కంపెనీలు చేసింది చీటీ కాదు. మన ఇళ్ళల్లో తరాలుగా నడిచిన ఒక మర్యాద పేరు పాడైంది.

ఇప్పుడు నా సంగతి. మా బరంపురంలో నేను పనిచేసిన కౌంటరుకు ఆర్.డి. ఏజెంటు ఒకావిడ రోజూ వచ్చేది. మన తెలుగావిడే. వీధిలో అందరికీ అక్క. ముప్పై ఇళ్ళ నుంచి నెలనెలా రెండువందలు, అయిదువందలు తెచ్చి కట్టేది. మా శాఖ ఆవిడకు ఇచ్చే కమిషన్ నూటికి నాలుగు. 2011లో ఒక కంపెనీవాళ్ళు ఆవిడను పట్టుకున్నారు, దానికి మూడింతలు ఇస్తామన్నారు. కొన్నాళ్ళకు ఆవిడ ఫారాలు పట్టుకొచ్చి, "బాబుగారూ, ఈ ఆరు ఖాతాలూ క్లోజు చేసెయ్యండి" అంది. తర్వాతి నెల ఇంకో ఎనిమిది. ఎందుకమ్మా అని అడిగాను. చెప్పింది. "మీరు కూడా వెయ్యండి బాబుగారూ, మావాళ్ళంతా వేస్తున్నారు" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. నేను వెయ్యలేదు. వెయ్యకపోవడానికి నాకు కారణం తెలుసు, అంత వడ్డీ ఎవరూ ఇవ్వలేరని తెలుసు. కానీ ఆ ఖాతాలున్న ఇళ్ళవాళ్ళలో సగం మంది మా వీధివాళ్ళే. సాయంత్రం పూట అరుగు మీద నాతో కూర్చునేవాళ్ళే. వాళ్ళకు ఒక్క మాట చెప్పలేదు. వాళ్ళ డబ్బు, వాళ్ళిష్టం, ఆవిడ పొట్ట కొట్టడం ఎందుకు అనుకున్నాను. ఆ ఫారాల మీద నా సంతకాలే ఉన్నాయి.

2013లో ఆ కంపెనీ ఆఫీసుకు తాళం పడింది. ఆవిడ కూతురి పెళ్ళికి దాచిన డబ్బు కూడా అందులోనే పోయింది. కాబట్టి ఆవిడ మోసగత్తె కాదు. కానీ ముప్పై ఇళ్ళకు కనిపించే మొహం ఆవిడదే, కంపెనీ యజమాని మొహం ఎవరూ చూడలేదు. రోజూ గుమ్మంలో జనం. ఒక రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. విజయనగరం వైపు ఎక్కడో ఉన్నారని విన్నాను. మేడాఫ్‌కు ఐరోపా నుంచి డబ్బు తెచ్చిపెట్టిన ద లా విల్లుషే అనే ఫ్రెంచి పెద్దమనిషి, తనూ తనవాళ్ళూ మునిగారని తెలిసిన పది పన్నెండు రోజులకే న్యూయార్కు ఆఫీసులో ప్రాణం తీసుకున్నాడు. అది చదివినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చింది.

2019లో కేంద్రం ఇంకో చట్టం చేసింది. అనుమతి లేని డిపాజిట్ పథకం నడపడమే కాదు, దాన్ని ప్రచారం చెయ్యడం కూడా ఇప్పుడు నేరం. మా సంఘం తీర్మానం చేసి భవన నిధి అక్కడ పెడితే, మర్నాడు ఊళ్ళో ప్రతి తెలుగు ఇంట్లోనూ "సంఘమే పెట్టిందట" అంటారు. అంతకు మించిన ప్రచారం ఆ పెద్దమనిషికి అక్కర్లేదు. హడాసా పేరు, వీజెల్ పేరు మేడాఫ్‌కు చేసిపెట్టింది అదే.

మా సభ్యుడితో విడిగా మాట్లాడాను. కోపం వచ్చింది. "మనవాణ్ణి మనమే అనుమానిస్తే బయటివాళ్ళు ఏమనుకుంటారు మాస్టారూ" అన్నాడు. అనుమానం కాదు బాబూ, కాగితం అడుగుతున్నాను అన్నాను. ఆయన రిజిస్ట్రేషన్ నంబరు, కిందటి రెండేళ్ళ ఆడిట్ కాగితం, ఆ ఆడిటర్ ఆఫీసు చిరునామా, ఈ మూడూ తెప్పించమన్నాను. చిరునామా ఇస్తే నేనే బస్సెక్కి వెళ్ళి చూసి వస్తాననీ చెప్పాను. మూడు వారాలైంది, ఇంకా ఏమీ రాలేదు. కిందటి శుక్రవారం అతనే ఫోన్ చేసి, తన అసలులో సగం వెనక్కి అడిగానని, వచ్చే నెల చూద్దామని ఆయన అన్నాడని చెప్పాడు.

సమావేశం ఈ ఆదివారం సాయంత్రం అయిదింటికి. హడాసా లెక్క ఒక కాగితం మీద తెలుగులో రాసి పది నకళ్ళు తీయించాను. డిపాజిట్ రెన్యువల్ ఫారం కూడా నింపి ఉంచాను. అధ్యక్షులవారు, కోశాధికారి సంతకాలు పెట్టాలి.